ఆరో షరతు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతితో మొదలుపెడతాను. చెప్పకపోవడానికి గొప్ప కారణమేమీ లేదు, ధైర్యం లేకపోవడమే. ఆ ఊరి తేరు దారిలో ఎక్కడా ఆగకూడదన్న ఉత్తర్వు రాసింది దాని కింద సంతకం పెట్టిన అధికారి కాదు, నేను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మూణ్ణెల్లకోసారి పొడిగించే తాత్కాలిక టైపిస్టు ఉద్యోగం. ఎవరైనా పిలిస్తే బదులు పలకడానికి ముందు ఒకసారి నేల చూసుకునేదాన్ని.

ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా రిటైరైనవాళ్లు రాస్తారు. నేనూ రిటైరయ్యాను, ఇరవై అయిదో ఏట. శాలువా కప్పలేదు, నా సేవల గురించి ఎవరూ రెండు ముక్కలు మాట్లాడలేదు. అందుకని నేనే మాట్లాడుకుంటున్నాను. టైపు పరీక్ష ప్యాసై కొత్తగా ఆఫీసుల్లో చేరే చెల్లెళ్లు చదువుతారని ఆశ. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. అక్కడివాళ్లకు రాయకపోయినా తెలుస్తుంది, తక్కినవాళ్లకు రాసినా లాభం లేదు.

మా ఇల్లు తిరుపతిలో. స్వామి ఊరేగేటప్పుడు ముందు నడుస్తూ ఆళ్వార్ల ప్రబంధం చదివే గోష్ఠిలో మా నాయన ఒకరు. నా తాలూకా ఆఫీసు పుత్తూరు దారిలో ఒక చిన్న ఊళ్లో ఉండేది. పొద్దున ఏడుంబావు బస్సులో సగంమంది పుత్తూరులో కట్టు కట్టించుకోవడానికి పోయే విరిగిన చేతులవాళ్లు. వాళ్లకు సీట్లు ఇచ్చేవాళ్లం. చేతులు బాగున్న పాపానికి మేం నిలబడేవాళ్లం. నేను ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో పుస్తకం పట్టుకునేదాన్ని.

మా అధికారి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. ఇంగ్లీషంటే ప్రాణం. ఆఫీసు వ్యవహారమంతా తెలుగులో జరపాలని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. అది ఇంగ్లీషులో వచ్చింది గనక ఆయన గౌరవంగా చదివి ఫైలులో పెట్టించారు. వీధిలో పదిమంది కలిసి నడిస్తే ఆయనకు అది పరేడ్. పెళ్లివాళ్లది పరేడ్, ఓట్లవాళ్లది పరేడ్, చివరికి పాడె వెనక పోయేవాళ్లది కూడా.

"ఏమిటండీ, ఈ ఊళ్లో వారానికో పరేడు. వీళ్లకు పనీపాటా ఉండదా?" అనేవారు, పదకొండు గంటలకు ఆఫీసుకు వస్తూ.

హెడ్ గుమస్తా ఆ ప్రాంతం మనిషే. ఆయన పాండిత్యమంతా రెండు మాటల్లో ఉండేది: 'క్రితం మాదిరి'. ఏ కాగితం వచ్చినా నిరుడు ఏం చేశామో చూసి అదే చేసేవారు. నిరుడు తప్పు చేసి ఉంటే ఈ ఏడు దాన్ని పద్ధతి ప్రకారం చేసేవారు.

మూడోవాడు మా అటెండరు. యాభై దాటిన మనిషి, ఆచారుల వీధిలో ఇల్లు, వడ్రంగుల కుటుంబం. నేను పెద్దాయనా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. ఆఫీసులో ఆయన పని కాఫీ తేవడం, బెల్లు మోగితే లేవడం, ఈ బల్ల మీది కాగితం ఆ బల్ల మీదికి చేర్చడం.

ఇక తేరు గురించి కొంచెం చెప్పాలి. తేరును లాగడానికి వందమంది కావాలి, ఆపడానికి ఇద్దరు చాలు. మోకు పట్టినవాళ్లకు ముందుకు లాగడం తప్ప ఏమీ తెలియదు. మూల తిరగాలన్నా, ఎవరి వాకిటనైనా నిలవాలన్నా, చక్రం కింద సరైన క్షణంలో చెక్క పడాలి. పొడుగాటి పిడి ఉన్న మోటు చెక్క అది. ముందుగా పడితే కుదుపుకు పైనున్న అర్చకులు దొర్లుతారు. ఆలస్యంగా పడితే వేసినవాడి కాలు పోతుంది. ఆ పని తరతరాలుగా ఆచారుల వీధివాళ్లది, వాళ్లకు పెద్ద మా అటెండరు. ఏడాది పొడుగునా బెల్లు మోగితే పరుగెత్తే మనిషి, ఆ ఒక్కరోజు చెయ్యెత్తితే ఊరంతా నిలిచిపోయేది.

దానికి వాళ్లకు దక్కే మర్యాద ఒకటుంది. రోజంతా ఇతరుల వాకిళ్ల ముందు తేరును నిలిపే ఆ వీధివాళ్లు, తమ సందు మొగదలకు వచ్చినప్పుడు తమకోసం ఒకసారి నిలుపుకుంటారు. అర్చకుడు దిగివచ్చి స్వామి మెడలోని మాల తీసి ముందు చెక్కకు వేస్తాడు, తర్వాత చెక్క వేసే పెద్దకు. ఆడవాళ్లు హారతిస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పది నిమిషాల కోసం నగరికీ తిరుత్తణికీ ఇచ్చిన కూతుళ్లు కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలుసుకుని తర్వాత ఉత్తర్వు రాయడం మా ఆఫీసు పద్ధతి కాదు.

అంతకు ముందు ఓట్ల ఊరేగింపులో రాళ్లు పడినందువల్ల, ఊళ్లో ఏ ఊరేగింపు జరిగినా మా ఆఫీసు షరతులు పెట్టాలని పైనుంచి చెప్పారు. తేరుకు కూడా పెట్టాలి. అధికారి ఒక చిత్తు కాగితం మీద పెన్సిలుతో అయిదు షరతులు రాసి, అంకెలు వేసి పంపారు. వేళ, వీధులు, కరెంటు తీగలు, మైకు, జెండాలు. అటెండరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

అయిదూ టైపు చేశాక కాగితం కింద చాలా చోటు మిగిలింది. నాకు తెల్లటి చోటు చూస్తే ఊరుకోబుద్ధయ్యేది కాదు, డైరీ రాసేవాళ్ల జబ్బు అది. పాత ఫైల్లో ఓట్ల ఊరేగింపు ఉత్తర్వులో చదివిన వాక్యం ఒకటి కొన్నాళ్లుగా నోట్లో నానుతూ ఉంది. 'షల్ ప్రొసీడ్ వితౌట్ హాల్టింగ్ ఎట్ ఎనీ ప్లేస్.' పైకి అనుకుంటే మెయిలు బండి చిన్న స్టేషను దాటి పోతున్నట్టు ఉండేది. దాన్ని తేరుకు తగ్గట్టు కొంచెం మార్చి, ఆరు అని అంకె వేసి కొట్టాను. అధికారి సంతకం పెట్టారు. చదివి పెడితే టైపిస్టును అనుమానించినట్టవుతుందని ఆయన మర్యాద. అటెండరు దాన్ని తపాలా పుస్తకంలో పెట్టుకుని తానే పోయి పోలీసు స్టేషనులో ఇచ్చి వచ్చాడు.

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: 'నా ఇంగ్లీషు వాక్యానికి ఒక అధికారి సంతకం దొరికింది. ఎవరికీ తెలియదు.' కింద గీత కూడా గీశాను.

తేరు రోజు ఆఫీసుకు సెలవు. అయినా అర్జంటు పని ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి బస్సెక్కాను. నా వాక్యం అమలు జరుగుతుంటే చూడాలని.

అది చాలాసేపు అమలు జరగలేదు. ధర్మకర్త వాకిట తేరు నిలిచింది, బట్టల కొట్టు ముందు నిలిచింది. బియ్యం మిల్లు ముందు ఇరవై నిమిషాలు నిలిచింది. ఆ మిల్లు కట్టి నాలుగేళ్లు. యజమాని మేడ మీద ఎస్సై కాఫీ తాగుతుంటే ఉత్తర్వు ఆయన జేబులో విశ్రాంతి తీసుకుంది. ఉత్తర వీధిలో ఆచారుల సందు దగ్గరికి వచ్చేసరికి దానికి మెలకువ వచ్చింది.

అటెండరు తువ్వాలు నడుముకు బిగించి చెక్క ఎత్తాడు. ఎస్సై చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏయ్, చెక్క తియ్యి. యాడా ఆపగూడదని ఆర్డరుండాది."

"ఇది మా వీధి సార్."

"ఎవురి వీధైతే ఏమప్పా? ఆరో నెంబరు సూడు. యాడా ఆపగూడదు."

"ఇంతసేపూ ఆపితిమే సార్, మిల్లుకాడ?"

"అది జనం అడ్డమొచ్చి నిలిచింది. మనం ఆపలేదు."

"ఆ కాగితం తెచ్చిచ్చింది నేనే గదా సార్."

"తెచ్చినోడివి సదివి తేవల్ల."

చుట్టూ ఉన్న పోలీసులు నవ్వారు. అటెండరు చెక్కను భుజాన వేసుకుని పక్కకు జరిగాడు. మోకులు బిగిశాయి, తేరు కదిలింది. అర్చకుడు అప్పటికే మాల చేతికి తీసుకుని ఉన్నాడు. ఎస్సై వైపు ఒకసారి చూసి దాన్ని మళ్లీ స్వామి మెడలోనే వేశాడు. హారతి పళ్లాలు వెలుగుతూనే ఉన్నాయి. ఒక ముసలమ్మ మాత్రం చక్రంతో పాటు నడుస్తూ, పక్కవాళ్లను తోసుకుంటూ, ఉత్తర వీధి మలుపు వరకు హారతి ఇస్తూనే పోయింది.

నేను ఒక అరుగు పక్కన నిలబడి ఉన్నాను. అటెండరు నన్ను చూశాడు.

"ఎండలో నిలబడితివేం పాపా? పందిట్లోకి రా, పానకం తాగుదువు."

నా వాక్యం దాహం తీర్చుకుని తిరుపతి బస్సెక్కింది.

మర్నాడు ఆయనే కాఫీ తెచ్చాడు. హెడ్ గుమస్తా అడిగారు: "ఏమప్పా, నిన్న తేరు మీ వీధిలో నిలవలేదంటనే?"

"నిలవలేదు సార్."

"పోనీలే, వచ్చే ఏడు సూసుకుందాం."

ఆయన బయటికి పోయాక హెడ్ గుమస్తా నాతో అన్నారు: "యాడ సూసుకునేదమ్మా? ఒకతూరి కాగితం మీద పడినాక అంతే. వచ్చే ఏడు క్రితం మాదిరి అని రాస్తా. ఆ పైయేడు ఇంకెవురికీ గుర్తుండదు. దాన్ని తియ్యాలంటే కలెక్టరాఫీసు దాకా పోవల్ల. ఎవుడు పోతాడు సెప్పు?"

అంటే ఒక్క ఏడాది గడువు ఉంది. రెండోసారి కూడా తేరు ఆ సందు దాటిపోతే ఆ మర్యాద పోయినట్టే. దాన్ని పోగొట్టింది నేను. ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుంది. ఒప్పుకోవాలంటే అధికారి గదిలోకి పోయి నోరు తెరవాలి. ఉద్యోగం పోవడం కంటే నోరు తెరవడమే నాకు కష్టంగా కనిపించింది.

ఇంట్లో నాయనను వేరే మాటగా అడిగాను. "ఊరేగింపులో స్వామి ఎందుకు ఆగాల నాయనా? ఊరికే నాలుగు వీధులు తిరిగొస్తే చాలదా?"

నాయన ఉత్తరీయం మడత పెడుతూ అన్నారు: "గుడికి రాలేనోళ్లు ఉంటారు, ఎవరూ లోపలికి రానీనోళ్లు ఉంటారు. వాళ్ల వాకిట నిలిచేదానికే గదమ్మా ఆయన బయటికొచ్చేది. నడిచేది ఆగేదానికే. ఎందుకడిగినావు?"

"ఊరికే."

ఆ తర్వాతి రెండో శనివారం తిరుపతిలో నేను చదువుకున్న కాలేజీ లైబ్రరీకి పోయాను. అక్కడ ఒక పెద్ద నిఘంటువు ఉండేది. దానికి వేరే పీట, వేరే దుమ్ము. మా అధికారికి ఇష్టమైన మాటను వెతికాను. పరేడ్ అన్న మాట ఇంగ్లీషుది కాదట. ఫ్రెంచి నుంచి వచ్చింది, వాళ్లకు స్పానిషు నుంచి. స్పానిషువాళ్లు ఆ మాటను ఆగడమనే అర్థంలో వాడతారు. పరుగెత్తే గుర్రాన్ని కళ్లెం లాగి నిలిపితే అదీ వాళ్ల పరేడ్. ఇంకా వెనక్కి పోతే లాటిన్. అక్కడ దాని మూలానికి సిద్ధం చేయడం, ముస్తాబు చేయడం అని అర్థం. ముస్తాబు చేయడం, నిలపడం. నడవడమన్నది ఎక్కడా కనిపించలేదు. మా నాయన లాటిన్ చదవలేదు, ఉత్తరీయం మడత పెడుతూ చెప్పేశారు.

నోటితో చెప్పలేను గనక టైపు మిషనుతో చెప్పాను. ఒక పేజీ నోటు తయారు చేశాను. తమరు ఊరేగింపును పరేడ్ అంటారు, ఆ మాటకే ఆగడమని అర్థం, ఆచారుల వీధి దగ్గర తేరు నిలవడం పాత ఆచారం, అందువల్ల ఆరో షరతును తీసివేయవచ్చునేమో పరిశీలించండి అని. ఆరో షరతు ఎలా పుట్టిందో మాత్రం రాయలేదు. నా నిజాయితీ అంతవరకే.

మూడు రోజులకు పిలుపు వచ్చింది.

"ఇది రాసింది మీరేనా అండీ? భలే ఉందే. స్పానిషా? గుర్రమా? చాలా ఇంటరెస్టింగ్."

నేను నేల చూశాను. నోటు అంచున 'చూశాను' అని పొట్టి సంతకం పెట్టి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇక షరతు పోయినట్టే అనుకుని నేను ఆ వారమంతా సంతోషంగా టైపు చేశాను.

పంద్రాగస్టు నాడు హైస్కూలు మైదానంలో ఆయన ఉపన్యాసం. కవాతు చేసి ఎండలో నిలబడ్డ పిల్లలకు పరేడ్ అన్న మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. స్పానిషు గుర్రం వచ్చింది, లాటిన్ ముస్తాబు వచ్చింది. ఆగడంలోనే క్రమశిక్షణ ఉందన్నారు. చప్పట్లు ఆగలేదు. నా పక్కన హెడ్ గుమస్తా, "సారుకు ఎంత సదువో సూడమ్మా," అన్నారు.

షరతు అలాగే ఉంది. పైగా చిత్తూరులో జరిగిన సమావేశంలో, ఊరేగింపులు ఎక్కడా ఆగకుండా తాను ఒక షరతు విధించాననీ, దానివల్ల గొడవలేమీ జరగలేదనీ చెప్పారట. ఇంకో రెండు తాలూకాలవాళ్లు కాపీలు అడిగి తీసుకుపోయారు. ఆ కాపీలు టైపు చేసింది నేనే. నేను రాసినవాటిలో అంతమంది చదివింది మరొకటి లేదు. పెన్సిలు చీటీ ఏనాడో చెత్తబుట్టలో పోయింది. మంచి వాక్యం తానే రాశానని నమ్మడానికి మనిషికి సాక్ష్యం అక్కర్లేదు.

మళ్లీ తేరు వచ్చింది. హెడ్ గుమస్తా నిరుటి ఉత్తర్వు మీద 'క్రితం మాదిరి' అని రాసి పంపారు. అటెండరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. గాలికి ఎగరకుండా దాని మీద గాజుగుండు పెట్టాడు. ఎప్పటికంటే కొంచెంసేపు ఎక్కువ నిలబడి, పోయాడు.

ఒకటి నుంచి అయిదు వరకు క్రితం మాదిరే కొట్టాను. ఆరు అని అంకె వేశాను. తర్వాత, ఆచారం ప్రకారం తేరు నిలిచే చోట్లన్నిటా, ముఖ్యంగా ఆచారుల వీధి మొగదల, నిలవాలి అని ఇంగ్లీషులో కొట్టాను. నిరుటి వాక్యమంత అందంగా లేదు. మధ్యలో మూడుచోట్ల కామాలు పడ్డాయి.

మా ఆఫీసులో ఉత్తర్వును సరిచూసే పద్ధతి ఉంది. నేను పాతది పైకి చదవాలి, హెడ్ గుమస్తా కొత్తది చూస్తూ ఊ కొట్టాలి. ఆరో షరతు పాతది చదివాను, మెయిలు బండి మళ్లీ పోయింది. కొత్త కాగితం చేతిలో పెట్టుకుని, దాని మీద మామిడిపండు తొక్క తీస్తూ ఆయన ఊ అన్నారు. అధికారి ఎప్పటి మర్యాద ప్రకారం సంతకం పెట్టారు.

ఈసారి నేను తేరుకు పోలేదు. భయం. మర్నాడు నా టైపు మిషను పక్కన అరటాకు ముక్కలో చామంతులు, తులసి ఉన్నాయి. మాలలోంచి తెంపినవి. ఎవరు పెట్టారో అడగలేదు.

అంతా అక్కడితో ముగిసి ఉండేదే. కానీ ఆ మధ్య ఎస్సై మారాడు. కొత్తాయనకు కాగితం చదివే దురలవాటు ఉంది. 'ఆచారం ప్రకారం' అంటే ఏయే చోట్లో అర్చకుడిని అడిగి రాసుకున్నాడట. నాలుగేళ్ల కిందటి మిల్లుకు ఆచారమెక్కడిది? అప్పటికి అయిదేళ్లయింది, అయినా లేదు. మేడ మీద కాఫీ సిద్ధంగా ఉండగానే తేరు మిల్లు దాటి పోయింది. యజమాని మర్నాడే మా ఆఫీసుకు వచ్చాడు. ఆయన వస్తే మా అధికారి ఫైళ్లు చదివేవారు.

నాకు మెమో ఇచ్చారు. హెడ్ గుమస్తా రాసిన చిత్తుప్రతిని అటెండరే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, నా మెమో నేనే టైపు చేయాలి గదా. అందులో ఇలా ఉంది: 'అధికారివారు ఎంతో దూరదృష్టితో విధించిన ఆరో షరతును తారుమారు చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు?'

దూరదృష్టి అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. నిరుటి ఆరో షరతు కూడా నాదేనని రాస్తే తప్పులు రెండవుతాయి. రాయకపోతే మొదటి తప్పు ఆయన దూరదృష్టిగా మిగిలిపోతుంది. రాయలేదు. 'జరిగింది నిజమే' అని ఒక ముక్క రాసి ఇచ్చాను. నెలాఖరుకు నా ఉద్యోగం పొడిగించలేదు. తప్పు వాక్యానికి నాకు జిల్లా అంతటా పేరు వచ్చింది, పేరు లేకుండా. సరైన వాక్యానికి శిక్ష వచ్చింది, పూర్తి పేరుతో, ఇంటిపేరు సహా.

అధికారి చివరి రోజు కూడా మంచిగానే మాట్లాడారు. "మీకు ఇంగ్లీషు బాగా వచ్చండీ. అదే చిక్కు," అన్నారు. హెడ్ గుమస్తా మాత్రం కొత్త టైపిస్టును పంపమని అర్జీ రాస్తూ తల ఎత్తలేదు. కాగితం పైన 'క్రితం మాదిరి' అని కనిపించింది.

అటెండరు నా సంచీ తీసుకుని రోడ్డు దాకా వచ్చాడు. తిరుపతి బస్సులు ఆగేది ఊరి అవతల, ఆఫీసు ముందు ఆగవు. అక్కడికి నడిచి పోదామంటే, "ఈడే ఉండు పాపా," అన్నాడు. ఇద్దరం ఎండలో నిలబడ్డాం. ఇప్పుడైనా చెప్పాలని నోరు తెరిచాను.

"పెద్దాయనా, నిరుడు ఆ ఆరో షరతు..."

"తెలుసులే పాపా." ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. "సారు రాసిన చీటీ నీకాడికి తెచ్చింది నేను, నువ్వు కొట్టినాక తీసకపోయింది నేను. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు రావా నాకు? వచ్చేటప్పుడు అయిదుండె, పొయ్యేటప్పుడు ఆరుండె."

"మరి ఎవరికీ చెప్పలేదే," అన్నాను.

దూరంగా బస్సు కనిపించింది. వేగంగానే వస్తోంది. ఆయన సంచీ నా చేతికిచ్చి, రోడ్డు మధ్యకు ఒక అడుగు వేసి, చెయ్యెత్తాడు. చక్రం కింద చెక్క పడే ముందు ఎత్తే చెయ్యే అది. బ్రేకులు కీచుమన్నాయి, దుమ్ము లేచింది. డ్రైవరు తల బయట పెట్టి ఏదో తిట్టాడు. అటెండరు వాడి వైపు చూడనైనా చూడలేదు.

"ఎవురికి సెప్పేది? ఆనాడు ఎండలో నీ మొగం సూసినా. ఈ బిడ్డే సర్దుతాదిలే అనుకొంటి. అదో, నిలబెట్టినా. ఎక్కు పాపా."